పాఠము పట్టుబడు విధము

సాయంకాలము అయిదు గంటల వేళ దిల్‌సుఖ్‌నగరు మెట్రో స్టేషను మెట్లయొద్ద ఒక గడియసేపు నిలిచి చూచినవారికి, మన పల్లెల ఆశలన్నియు కాళ్లు మొలిచి నడచిపోవుచున్నట్లు తోచును. వీపున సంచులును, చేతులలో కాగితపు కట్టలును గల యువకులు, యువతులు గుంపులుగా దిగి ప్రక్కసందులలోని కోచింగు కేంద్రములకును, హాస్టళ్లకును పోవుచుందురు. వారిలో ఇంటర్మీడియెటు చదువువారు కలరు. ఇంజనీరింగు, వైద్యవిద్యల ప్రవేశపరీక్షలకు సిద్ధపడువారు కలరు. గ్రూపు పరీక్షలకును, పోలీసు కొలువులకును, ఉపాధ్యాయ పదవులకును ఏండ్ల తరబడి చదువుచున్న పట్టభద్రులును కలరు. అచ్చటికి కొంత తూర్పుగా నున్న ఎల్బీనగరు కూడలిలో విజయవాడ దారియు, నాగార్జునసాగరు దారియు విడిపోవును. చౌటుప్పలు, నకిరేకలు, సూర్యాపేటల బస్సులును, ఇబ్రహీంపట్నము, మాలు, దేవరకొండల బస్సులును అచ్చట జనమును దింపును. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేట మొదలు ఎల్బీనగరు వరకు మెట్రో రైలు సాగినది మొదలు ఈ రాకపోకలు మరింత సులభములైనవి.

ఆ దిగువారిలో మీ ఊరి పిల్లవాడును ఉండవచ్చును. వానిని పంపుటకై తండ్రి అరయెకరము అమ్మి యుండును. లేదా తల్లి పుస్తె తాకట్టుపెట్టి యుండును. ఇంత ఖర్చుతో పోయిన పిల్లవాడు ఒక హాలులో నూరుమందితో కలిసి కూర్చుండును. పంతులు ఒక్కడే, పాఠ మొక్కటే, బోర్డు ఒక్కటే. అయినను పాఠము ముగియునప్పటికి కొందరి ముఖములు వికసించును. కొందరి ముఖములు వాడియుండును. ఒకే వాన కురిసినను ఒక చాలున మొలక వచ్చి ఇంకొక చాలున రాకపోయిన, రైతు ఊరకుండడు. విత్తనము చూచును, తేమ చూచును, చీడ చూచును. పిల్లవాని విషయములో మాత్రము మనము అంత శ్రమ పడము. "వీనికి చదువు రాదు" అని ఒక్కమాటతో తేల్చివేయుదుము. నలుబది మందికి చెప్పిన పాఠము నలుబది మందికిని ఏల ఒకేవిధముగా పట్టుబడదు? ఈ ప్రశ్ననే నేడు మీతో ముచ్చటింప దలచినాను.

ఈ ప్రశ్నకు కొంతకాలముగా బడులలో ఒక జవాబు వినబడుచున్నది. పిల్లలు పుట్టుకతోనే వేరువేరు తీరులవారనియు, కొందరు కంటితో నేర్తురనియు, కొందరు చెవితో నేర్తురనియు, కొందరు చేతితో చేసినగాని నేర్వజాలరనియు, కావున ఏ పిల్లవానికి ఆ తీరుననే పాఠము చెప్పవలెననియు దాని సారాంశము. న్యూజీలాండు దేశములో పాఠశాలల తనిఖీయధికారిగా పనిచేసిన నీల్ ఫ్లెమింగు అనునాతడు 1987లో ఒక ప్రశ్నావళిని కూర్చి, చూచుట, వినుట, చదివి వ్రాయుట, చేయుట అని నాలుగు తరగతులు చేసెను. ఇట్టి విభాగములు చేసినవా డాత డొక్కడే కాదు. ఇంగ్లండులో 2004లో కొందరు పండితులు ఇట్టి సిద్ధాంతములను లెక్కింపగా అవి డెబ్బదియొకటి తేలినవి. ఉపాధ్యాయుల శిక్షణ తరగతులలో ఈ మాట వ్యాపించెను. మన యూరి పంతుళ్లకును చేరెను.

ఈ వాదములో ఒక మంచి గుణము కలదు. దానిని ముందుగా ఒప్పుకొనవలెను. అది ఏ పిల్లవానిని మొద్దు అనదు. "నీకు రాలేదన్నచో తప్పు నీది కాదు, మేము చెప్పిన తీరుది" అని పిల్లవానికి ధైర్యము చెప్పును. బెత్తమే బోధనసాధనముగా చెల్లిన మన బడులకు ఈ మాట చల్లనిగాలివలె వచ్చినది. కాని మంచిమాటయైనంత మాత్రమున నిజమైన మాట కానేరదు గదా. దానిని పరీక్షించి చూడవలెను.

ఈ పరీక్ష మీకు బాగుగా తెలిసినదే. ఒకడు వచ్చి, "ఈ విత్తనము నల్లరేగడికే పండును, ఆ విత్తనము ఎర్రచెల్కకే పండును" అని చెప్పినాడనుకొందము. నల్లరేగడిలో మొదటిదానిని వేసి, పండినదని చూపిన చాలునా? చాలదు. రెండు విత్తనములను రెండు నేలలలోను వేసి చూడవలెను. మొదటిది నల్లనేలలో హెచ్చుగాను, రెండవది ఎర్రనేలలో హెచ్చుగాను పండినప్పుడే ఆ మాట నిజము. ఒకే విత్తనము రెండు నేలలలోను మిన్నగా పండినచో, మంచిది ఆ విత్తనమే గాని జోడింపులో మహిమ యేమియు లేదు. పిల్లల విషయమును అంతే. కంటివారని పేరుపడిన పిల్లలలో సగముమందికి బొమ్మలతోను, సగముమందికి మాటలతోను చెప్పవలెను. చెవివారని పేరుపడిన వారికిని అట్లే చెప్పవలెను. పిదప అందరికిని ఒకే పరీక్ష పెట్టవలెను.

2008లో అమెరికా దేశమున హెరాల్డు పాష్లరు మొదలుగాగల నలుగురు మనశ్శాస్త్రజ్ఞులు, ఇంత శ్రద్ధగా జరిగిన పరిశోధనలు ఎన్ని కలవో వెదకి చూచిరి. అట్టివి మిక్కిలి స్వల్పముగా కనబడినవి. కనబడినవానిలో పెక్కు ఈ సిద్ధాంతమునకు విరుద్ధముగనే ఉండెను. పిల్లలకు ఇష్టమైన తీరు ఉండుట నిజము. ఒకడు బొమ్మ చూడగోరును, ఒకడు కథ వినగోరును. కాని ఇష్టమైన తీరున చెప్పినంతనే పాఠము హెచ్చుగా పట్టుబడునని ఋజువు కాలేదు. బెల్లమనిన ఇష్టమున్నంత మాత్రమున బెల్లమే బలమిచ్చు నాహారము కాదు గదా.

ఇది పుస్తకములలో చదివి తెలిసికొనుటకు ముందే నాకు ఒక పిల్లవానివలన తెలియవలసి వచ్చెను. ఆ కథ చెప్పుటకు నాకు సిగ్గుగనే యున్నది. అయినను చెప్పుట మంచిది.

ఇరువదియేండ్ల క్రిందటి మాట. ఎల్బీనగరు ప్రాంతమున ఒక బడిలో నేను లెక్కలు చెప్పుచుంటిని. సాగరు దారిలోని ఒక పల్లెనుండి వచ్చి హాస్టలులో నుండి చదువు పిల్లవాడొకడు ఎనిమిదవ తరగతిలో చేరెను. పొడగరి కావున వెనుక వరుసలో కూర్చుండెడివాడు. నోటితో అడిగిన లెక్కకు ఠక్కున జవాబు చెప్పెడివాడు. నోటుపుస్తకము తెరచి చూచిన అన్నియు తప్పులే. బోర్డుమీది 3 అంకె వాని పుస్తకములో 8 అయ్యెడిది. 5 అంకె 6 అయ్యెడిది. నేను ఆ దినములలోనే ఒక శిక్షణకు పోయి, ఈ కన్ను చెవి సిద్ధాంతము విని వచ్చియుంటిని. కొత్త బిచ్చగానికి పొద్దు తెలియదన్నట్లు, "వీడు చెవితో నేర్చువాడు" అని నిశ్చయించితిని. బోర్డుమీది లెక్కలు వ్రాయకున్నను ఊరకుంటిని. ప్రక్కవానిని చదివి వినిపింపుమని ఏర్పాటు చేసితిని. వాని తండ్రి వచ్చినప్పుడు, నేనేదో గొప్ప రహస్యము కనిపెట్టినట్లుగా ఆ మాట చెప్పితిని. ఆయన నాకు చేతులు జోడించి పోయెను.

పిల్లవాడును నా మాట నమ్మెను. "నేను వ్రాతకు పనికిరాను సార్, నాది చెవి చదువు" అని వాడే నలుగురిలో చెప్పుకొనెడివాడు. రెండేండ్లు గడచెను. వినికిడితో సాగు లెక్కలు ఎనిమిదవ తరగతితో ముగిసెను. జ్యామితి, బీజగణితము వచ్చినవి. అవి చూడక, వ్రాయక వచ్చునవి కావు. పదవ తరగతి లెక్కలలో వాడు తప్పెను.

ఆ వేసవిలో బస్తీలో ఉచిత నేత్రపరీక్ష జరుగగా, స్నేహితులతో కలిసి వాడును పోయెను. దూరపు చూపు చాలదని తేలి కంటియద్దము లిచ్చిరి. వానిని పట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఇద్దరమును ఎల్బీనగరు కూడలిదాక నడచితిమి. వాడు అచ్చట నిలువబడి, వచ్చు బస్సులమీది ఊరిపేర్లన్నియు ఒకటి తరువాత ఒకటి బిగ్గరగా చదువసాగెను. నాకు అప్పుడు గుర్తు వచ్చెను. అదే కూడలిలో వాడు ప్రతి శనివారము, "ఇది ఏ ఊరి బస్సు?" అని పక్కవారిని అడుగుట నేను పలుమారులు చూచితిని. చూచియు, అది వాని చెవి స్వభావమునకు మరియొక నిదర్శనమని తలచితిని. పిల్లవానికి వేయవలసిన అద్దములు నా బుద్ధికి వేయవలసి యుండెను. వాని తండ్రి మరల వచ్చినప్పుడు, "చెవి చదువని మీరంటిరి గద సారూ" అని ఒక్కమాట మాత్రమే అనెను. కోపము లేదు. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది.

నేను చేసిన తప్పు ఏది? పిల్లలందరు ఒక్కటే అనుకొనుట కాదు, వేరువేరనియే అనుకొంటిని. భేదమునకు ఒక పేరు పెట్టి, కారణము వెదకుట మానివేసితిని. పేరు పెట్టినంతనే వెదకుట నిలిచిపోవును. "మొద్దు" అను పేరును అట్టిదే. "చెవివాడు" అను పేరును అట్టిదే. మొదటిది కఠినముగా నుండును, రెండవది మృదువుగా నుండును. చేయు నష్టము ఒక్కటే.

అట్లయిన నిజమైన భేదము లెచ్చట నున్నవి? మొదట దేహములో నున్నవి. కన్ను చాలనివాడు, చెవి చాలనివాడు, ఉదయము తినక వచ్చినవాడు తరగతిలో వెనుకబడుదురు. మన ప్రభుత్వము 2018లోను, మరల 2023లోను కంటివెలుగు అను పేర ఊరూర నేత్రపరీక్షలు జరిపించి అద్దములు పంచెను. అట్టి పరీక్షలకు వృద్ధులతోపాటు బడిపిల్లలను గూడ తప్పక తీసికొనిపోవలెను. బుద్ధి చురుకుగా నుండియు అక్షరములు మాత్రము తారుమారై, చదువుట మిక్కిలి కష్టమగు పిల్లలు కొందరు కలరు. ఇది సోమరితనము కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని గుర్తించినది. పరీక్షలలో అధిక సమయము మొదలగు సౌకర్యములు పొందుటకు వారికి వీలు కలదు.

రెండవ భేదము, పిల్లవానికి ఇదివర కేమి వచ్చునను దానిలో నున్నది. భిన్నములు రానివానికి శాతములు చెప్పుట పునాది లేక గోడ కట్టుటయే. ఏడవ తరగతిలో కూర్చున్నవాడు రెండవ తరగతి పుస్తకము చదువలేకున్న, వానికి ఏడవ తరగతి పాఠము చెవిటివాని ముందు శంఖమే యగును. 1995లో బొంబాయిలో నెలకొన్న ప్రథమ్ అను సంస్థ, పిల్లలను వయస్సునుబట్టి గాక చదువగలిగిన స్థాయినిబట్టి కొంతసేపు గుంపులుచేసి చెప్పు పద్ధతిని వ్యాపింపజేసెను. ఆ పద్ధతి పలుచోట్ల పరీక్షకు నిలిచినది. తెలంగాణములోని ప్రభుత్వపాఠశాలలలో 2022లో ఆరంభమైన తొలిమెట్టు కార్యక్రమమునకును ఇట్టి ప్రాథమిక పఠనము, ప్రాథమిక గణితమే లక్ష్యము.

మూడవ భేదము భాషలో నున్నది. ఊరిలో తెలుగున చదివిన బాలిక దిల్‌సుఖ్‌నగరునకు వచ్చి ఇంగ్లీషున భౌతికశాస్త్రము వినునప్పుడు, ఆమె రెండు పాఠములు ఒకేసారి నేర్చుచున్నది. మొదటి కొన్నినెలలు ఆమె మౌనముగా నుండుట చూచి తెలివిలేనిదని తలచుట అన్యాయము. తెలిసిన తెలుగు మాటతో మొదలుపెట్టి, ఇంగ్లీషు మాటను దానిప్రక్క నిలిపి చెప్పు పంతులు ఆమెకు సగము బరువు దించినవాడగును.

ఇక పాఠము చెప్పవలసిన తీరు ఏది? పిల్లవాని ముఖము చూచి కాదు, పాఠము యొక్క స్వభావమును చూచి తీరును ఎన్నుకొనవలెను. దేశపటమును చూచినగాని తెలియదు. అది అందరికిని చూపవలెను. పద్యము చెవిన పడినగాని దాని నడక తెలియదు. అది అందరికిని వినిపింపవలెను. గింజ మొలకెత్తుట తడిగుడ్డలో పెట్టి చేతితో చేసినగాని తెలియదు. అది అందరిచేతను చేయింపవలెను. లాభనష్టముల లెక్కకు, మొన్నమొన్నటివరకు కొత్తపేటలో నుండి బాటసింగారమునకు తరలిపోయిన పండ్లమార్కెట్టును తలపునకు తెండు. బత్తాయిబస్తా ధర, లారీబాడుగ, ఏజెంటు కమీషను బోర్డుమీద వ్రాసి, నోట చెప్పి, పిల్లలచేత కట్టించిన, నల్లగొండ రైతుబిడ్డ లెవరికి అది తెలియకపోవును?

ఈ విధము మన పెద్దలకు కొత్తది కాదు. వీధిబడిలో ఇసుక పరచి, అక్షరమును వ్రేలితో దిద్దుచు, నోటితో పలుకుచు, చెవితో వినుచు, కంటితో చూచుచు ఓనమాలు నేర్చిరి. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు 1789 మొదలు మద్రాసులో అనాథబాలుర బడిని నడపుచు, దేశీయబాలురు ఇసుకలో వ్రాయుటను చూచి ఆ పద్ధతిని తన బడిలో పెట్టెను. 1797లో దానిని గురించి లండనులో పుస్తకము ప్రకటించెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట మొదలగు ఆ విధానమునకు మద్రాసు పద్ధతియనియే పేరు కలిగెను. అయితే ఆ వీధిబడిని మితిమీరి పొగడుటయు తగదు. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెలు వ్రాసిన నివేదికలో, పిల్లలు పద్యములను వల్లించుదురే గాని వాని యర్థ మెరుగరని ఫిర్యాదు కలదు. అంతేకాక ఆడపిల్లలలోను, పెక్కు కులములవారిలోను ఆ ఇసుకను ముట్టుభాగ్యము కలిగినవారు బహుకొద్దిమంది. మంచిని తీసికొని, చెడుగును విడువవలెను.

నేర్చినది నిలుచుటకు ఏది ఉపాయము? 2006లో అమెరికాలో రోడిగరు, కార్పికె అను నిద్దరు ఒక ప్రయోగము చేసిరి. ఒక గుంపు విద్యార్థులు ఒక వ్యాసమును రెండుమారులు చదివిరి. ఇంకొక గుంపు ఒకమారు చదివి, రెండవమారు పుస్తకము మూసి జ్ఞాపకమున్నంత వ్రాసిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా రెండుమారులు చదివినవారిదే పైచేయి. కాని వారము గడచిన పిదప చదివినవారికి నూటికి 42 వంతులును, మూసి వ్రాసినవారికి నూటికి 56 వంతులును జ్ఞాపక ముండెను. హాస్టళ్లలో అర్ధరాత్రివరకు పుస్తకము తెరచి చదివినదే చదువు పిల్లలు ఇది తెలిసికొనవలెను. పుస్తకము మూసి తలచుకొనుట, రెండుదినములు విడిచి మరల తలచుకొనుట, ఇవి కన్నువారికిని చెవివారికిని సమానముగా పనిచేయు ఉపాయములు.

పెద్దలారా, మీ పిల్లలను పట్టణమునకు పంపునప్పుడు ఫీజెంత యని అడుగుదురు. ర్యాంకు లెన్ని యని అడుగుదురు. ఇంక నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఒక తరగతిలో ఎందరు కూర్చుందురు? చేరిన వారములో పిల్లవానికి ఏమి వచ్చునో, ఏమి రాదో పరీక్షించి చెప్పుదురా? తప్పువ్రాసిన కాగితమును మార్కులు వేసి విడిచెదరా, తప్పు ఎందుకు వచ్చెనో చెప్పుదురా? వెనుకబడినవానికి ఎవరు, ఏ వేళ మరల చెప్పుదురు? వ్రేలిముద్రలు తీసి బిడ్డ బుద్ధి ఏ తీరుదో చెప్పెదమని రూకలు గుంజువారును బయలుదేరినారు. దానికి శాస్త్రాధారము లేదు. ఆ రూకలతో కంటిపరీక్ష చేయించుడు.

ఆ పిల్లవాడు మరుసటి యేడు అద్దములు పెట్టుకొని ముందువరుసలో కూర్చుండి లెక్కలు కట్టి ఉత్తీర్ణు డయ్యెను. కాని పోయిన ఏండ్లు తిరిగి రాలేదు. తోడివారు వానిని దాటి పోయిరి. ఆ నష్టములో నా పాలు నాకు తెలియును. అందుచేతనే నేటికిని ఒక బాలుడు గాని బాలిక గాని పాఠము రాలేదని నిలిచినప్పుడు, "వీరు ఏ తీరువారు?" అని అడుగను. "ఎచ్చట తప్పిపోయిరి?" అని అడుగుచున్నాను.

మీరును నేటి రాత్రి భోజనమైన పిదప మీ మనుమనినో మనుమరాలినో దగ్గర కూర్చుండబెట్టుకొని, పుస్తకము మూయించి, "ఇయ్యాళ బడిలో ఏమి చెప్పిరి?" అని అడిగి చూడుడు. వారు తడబడిన కోపింపవలదు. తడబడిన చోటనే పాఠ మాగియున్నది.